ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్‌కు పిల్లలను ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న: మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన సోదరి

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు టొరంటోలో ఉన్నాము. మావారి ఉద్యోగం మారడం వల్ల ఈ మార్చిలో మెల్‌బోర్న్ వచ్చాము. పిల్లలిద్దరూ టొరంటోలోనే పుట్టారు. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు అయిదేళ్లు. వారికి తెలిసిన క్రిస్మస్ అంటే సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడటం, ఆ చీకట్లో ఇంటింటికీ దీపాలు వెలగడం, బూట్లకు అంటిన మంచును గుమ్మంలో దులుపుకుని లోపలికి రాగానే కేకు వాసన తగలడం. ఇక్కడ డిసెంబరు చివరి వారంలో రాత్రి 8.40 అయితే గాని సూర్యుడు అస్తమించడు. పూర్తిగా చీకటి పడేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. ఒకటో తేదీనే వరండాలో కాగితపు నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టాము కాని, అది వెలుగుతుండగా చూడకుండానే పిల్లలు రోజూ నిద్రపోతున్నారు. నిన్న బాబు, "అమ్మా, ఈ ఏడు క్రిస్మస్ పగలే వచ్చేస్తుందా?" అని అడిగాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఈ నెల 18న మా అమ్మ వస్తోంది. ఆమె దేశం దాటి రావడం ఇదే మొదటిసారి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె క్రిస్మస్ నాటి వేకువ ఆరాధన మానడం నేను చూడలేదు. అక్కడ చలి ఎంత ఉంటుంది, శాలువా తెచ్చుకోనా అని ఫోనులో అడిగితే, ఇక్కడ అది నడి వేసవి అనీ, కొన్ని రోజులైతే ఎండ 40 డిగ్రీల దాకా పోతుందనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎండల్లో పండగేమిటే" అంది.

కిటికీలకు దూది అంటించి, మంచు పడినట్టు చేసి పిల్లలను సంతోషపెడదామని మావారు అంటున్నారు. నాకు అది ఇష్టం లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం కంటే ఉన్నదాన్ని ప్రేమించడం నేర్పాలని ఉంది, కాని ఉన్నదేమిటో నాకే ఇంకా తెలియదు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవారు పండుగను ఏ వేళకు, ఏ విధంగా జరుపుకుంటున్నారు? జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, మరోసారి క్రిస్మస్ విందు చేసుకుంటారని విన్నాను. అది మనం చేయదగినదేనా? రెండు రకాల క్రిస్మస్‌లూ చూసినవారు, ఒకటి వదిలి మరొకదానికి వచ్చినప్పుడు నిజంగా ఏం పోగొట్టుకున్నారో దాచకుండా చెప్పమని కోరుతున్నాను.

జవాబు 1: మెల్‌బోర్న్, పదహారేళ్లుగా

చెల్లెమ్మా, వందనాలు. మీ బాబు అడిగిన మాట మా పెద్దమ్మాయి కూడా ఒకప్పుడు దాదాపు అలాగే అడిగింది. అందుకే ముందుగా నక్షత్రం సంగతే చెబుతాను. మీరు దానిని సాయంత్రం వెలిగించి చీకటి కోసం ఎదురుచూస్తున్నారు. ఈ ఊళ్లో డిసెంబరు సాయంత్రాలు ఎంత ఎదురుచూసినా అంత తొందరగా చీకటినివ్వవు. వేకువ ఇస్తుంది. డిసెంబరు 25న ఇక్కడ సూర్యోదయం ఆరు గంటలకు అయిదు నిమిషాలు అటూ ఇటూగా అవుతుంది కనుక నాలుగున్నరకు బయట చీకటిగానే ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, ముందు రోజు ఎంత ఎండ కాసినా ఆ వేళకు చాలావరకు దిగిపోతుంది. మేము వచ్చిన కొత్తలో మా తెలుగు సంఘం వారు అందరిలాగే 24వ తేదీ సాయంత్రం ఏడు గంటలకు ఆరాధన పెట్టేవారు. కిటికీలలోంచి ఎండ పడుతుండగా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడేవాళ్లం; మంట ఉందో లేదో కూడా కనిపించేది కాదు. చివరకు గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "మన ఊళ్లో లాగా వేకువనే పెట్టుకోరాదా" అన్నారు. అప్పటి నుంచి వేకువ అయిదు గంటలకే. కీర్తనలు ముగిసి వాక్యం చెబుతుండగా తూరుపు కిటికీ తెల్లబడుతుంది. నేను ఇక్కడ ఎన్నో మంచి కార్యక్రమాలకు వెళ్లాను కాని నా మనసు నిండేది ఆ అరగంటలోనే. మీ అమ్మగారికి దగ్గరలో అలాంటి ఆరాధన ఏదైనా ఉంటే తీసుకువెళ్లండి. లేకపోతే మీ పెరటిలోనే నాలుగైదు కుటుంబాలను పిలిచి పెట్టుకోండి. శాలువా కూడా తెచ్చుకోమనండి, ఈ ఊళ్లో వేకువన అది అక్కరకు వస్తుంది.

సాయంత్రాలను కూడా పూర్తిగా వదులుకోవద్దు. ఈ నగరంలో క్రిస్మస్ ముందు రాత్రి బహిరంగంగా కొవ్వొత్తుల వెలుగులో పాటలు పాడే ఆచారం 1938లో మొదలైంది. నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో వ్యాఖ్యాత అంతకు ముందు ఏడాది పండుగ రాత్రి ఇంటికి వెళుతూ, ఒక వృద్ధురాలు కిటికీ దగ్గర కూర్చుని కొవ్వొత్తి వెలుగులో రేడియోలో వస్తున్న పాటలతో గొంతు కలపడం చూశారట. ఒంటరిగా ఉన్నవారందరూ ఒకచోట కూడి పాడుకుంటే బాగుంటుందని ఆయనకు తోచింది. మొదటి ఏడే అలెగ్జాండ్రా గార్డెన్స్‌లో వేలమంది చేరారు. ఇప్పుడది ఈ నగరంలోనే సిడ్నీ మైయర్ మ్యూజిక్ బౌల్ అనే ఆరుబయట వేదికలో జరుగుతుంది, చూపు లేనివారి సేవ కోసం విరాళాలు పోగుచేస్తుంది. గడ్డి మీద దుప్పటి పరుచుకుని, పిల్లలను ఒళ్లో పెట్టుకుని, పాట పాటకూ ఆకాశం రంగు మారడం చూస్తూ కూర్చోవడం టొరంటోలో వీలుకాని పని. ఆ ఒక్క రాత్రి పిల్లలను పదిన్నర దాకా మేలుకోనివ్వండి.

వంట విషయంలో మాత్రం మీరు జాగ్రత్తపడాలి. ఇక్కడ వేసవి ఎండ గుంటూరు ఎండ లాంటిది కాదు. లోపలి ఎడారుల మీదుగా ఉత్తరపు గాలి వీచిన రోజున ఒళ్లు కాలిపోతున్నట్టు ఉంటుంది. ఆ సాయంత్రమే దక్షిణం నుంచి చల్లగాలి తిరిగితే గంటలో పదిహేను డిగ్రీలు పడిపోవచ్చు. కొన్ని క్రిస్మస్‌లకు స్వెటర్లు వేసుకున్నాము కూడా. మనవాళ్లు పెరటిలో కట్టెల పొయ్యి పెట్టి బిర్యానీ వండాలని ముచ్చటపడతారు. మనం ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చు ప్రమాదం వల్ల నిప్పుపై పూర్తి నిషేధం ప్రకటించిన రోజున ఆరుబయట కట్టెలతో, బొగ్గులతో నిప్పు వెలిగించడం నేరం. ముందు రోజే ప్రకటన చూసుకుని వంట లోపలకు మార్చుకోవాలి. ఈ దేశంవారు పండుగ మధ్యాహ్నం చల్లబరిచిన పంది మాంసం, ఉడికించి మంచులో పెట్టిన రొయ్యలు, పండ్లు, మీగడ పరిచిన పావ్లోవా అనే తీపి వంటకం తింటారంటే అది ఫ్యాషన్ కాదు, ఎండ నేర్పిన పద్ధతి. సిడ్నీ చేపల మార్కెట్టును పండుగకు ముందు 36 గంటలపాటు ఏకధాటిగా తెరిచి ఉంచుతారు. మేము అరిసెలు, జంతికలు ముందు వారంలోనే చేసి పెట్టుకుని, పండుగ నాడు రొయ్యల వేపుడు, చల్లటి పెరుగన్నం, మామిడిపండ్లతో సరిపెట్టుకుంటాము. అవును, మామిడిపండ్లే. క్వీన్స్‌లాండ్ కాయలు సరిగ్గా ఈ నెలలోనే వస్తాయి. మన దగ్గర పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవులు, మామిడిపండ్లు, క్రిస్మస్ కొత్త బట్టలు ఇక్కడి పిల్లలకు ఒకేసారి దొరుకుతాయి. మీ బాబుకు ఇది చెప్పి చూడండి. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా మాత్రం నీడ లేనిచోట ఆడనివ్వకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాల సూచీ 3కు చేరితేనే రక్షణ కావాలంటారు, ఈ నెలలో అది తరచు 11 దాటుతుంది.

జూలై విందు గురించి అడిగారు. సిడ్నీ పక్కన బ్లూ మౌంటెన్స్‌లోని హోటళ్లు దానికి పేరుపడ్డాయి. మేము ఒకసారి వెళ్లాము. చలిమంట, వేడి భోజనం, అన్నీ ఉన్నాయి. ఆరాధన లేదు, ఎదురుచూపు లేదు, ఎవరి పుట్టిన రోజో చెప్పే మాట ఒక్కటి లేదు. మళ్లీ వెళ్లాలనిపించలేదు.

జవాబు 2: మినియాపోలిస్ నుంచి

సోదరికి వందనాలు. పై అక్కగారు చెప్పినవన్నీ ఉపయోగపడే మాటలే అయినా, మీరు అడిగిన చివరి ప్రశ్నకు, అంటే ఏం పోగొట్టుకుంటామన్నదానికి, అందులో జవాబు లేదని నాకు అనిపించింది. పిల్లల దిగులును మామిడిపండుతో మరిపించవద్దని నా మనవి, ఎందుకంటే వారు పోగొట్టుకున్నది నిజమైనదే.

నేను అమెరికాలోని మినియాపోలిస్‌కు వచ్చి పద్నాలుగేళ్లయింది. డిసెంబరు చివరలో ఇక్కడ నాలుగున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, మర్నాడు ఎనిమిదికి కాస్త ముందుగా ఉదయిస్తాడు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలలో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తూ పోతాము. బయట రోజురోజుకూ పగలు కుంచించుకుపోతుంటే, లోపల దీపాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అవుతాయి. ఇది చదివి తెలుసుకునే అర్థం కాదు. పిల్లవాడు కూర్చున్నచోటనే కళ్లతో చూసి గ్రహించే అర్థం. డిసెంబరు 25న క్రీస్తు జయంతి జరుపుకున్నట్టు మనకు తెలిసిన తొలి ఆధారం రోమునగరంలో 354లో కూర్చిన ఒక పంచాంగం. ఆ తేదీని ఎందుకు ఎంచుకున్నారన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు కాని, పగలు పెరగడం మొదలయ్యే రోజులకు అది ఆనుకుని ఉండటంలోని అందాన్ని తొలినాటి బోధకులే గుర్తించారు. బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టుకను పగలు తగ్గే రోజులలోను, క్రీస్తు పుట్టుకను పగలు పెరిగే రోజులలోను పెట్టి, "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అన్న వాక్యాన్ని అగస్టీను అనే బోధకుడు ఆకాశానికి అన్వయించి చెప్పాడు. మీ అర్ధగోళంలో ఇది తలకిందులు. అక్కడ క్రిస్మస్ నుంచి పగలు తగ్గడం మొదలవుతుంది. ఈ ఒక్క సంగతిలో మీకు కలిగిన లోటును ఎవరూ పూడ్చలేరని నేను అనుకుంటున్నాను.

చలికాలపు పండుగ మనుషులను లోపలికి లాగుతుంది. వీధిలో నడుచుకుంటూ కేరల్స్‌కు వెళ్లే చలి కాదిది. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్న రాత్రి కారు దిగి ఇంటి లోపలికి పరుగెత్తాలి. అయితే ఆ ఇంటివారు ముప్పయి మందికి చోటు చేస్తారు, గుమ్మం దగ్గర బూట్లు కుప్పపడతాయి, గొంతులు వేడెక్కే దాకా ఎవరూ కదలరు. వేసవి పండుగ మనుషులను చెదరగొడుతుందని మెల్‌బోర్న్‌లో ఉన్న మా తమ్ముడు అంటాడు. 26 నుంచి సగం మంది గుడారాలు వేసుకోవడానికి సముద్రతీరాలకు వెళ్లిపోతారట.

మరొకటి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మా అమ్మ ఒక డిసెంబరులో మా దగ్గరకు వచ్చి ఆరువారాలపాటు గడప దాటలేకపోయింది. మంచు చూసి మొదటి రోజు చిన్నపిల్లలా సంబరపడింది, పదో రోజుకు కిటికీ వైపు చూడటం మానేసింది. మీ అమ్మగారు మాత్రం రోజూ సాయంత్రం వీధిలో నడవగలరు, పక్కింటివారితో మాట్లాడగలరు. పెద్దవాళ్లకు వేసవి పండుగే మేలు.

జవాబు 3: ఆక్లాండ్ నుంచి

వందనాలు. మినియాపోలిస్ సోదరుడు చెప్పిన వెలుగు మాటను గౌరవిస్తూనే ఒక విషయం గుర్తుచేయాలనుకుంటున్నాను. న్యూజిలాండ్ నేల మీద సువార్త ప్రకటన మొదలైందే నడి వేసవి క్రిస్మస్ నాడు. 1814 డిసెంబరు 25, ఆదివారం. సిడ్నీ నుంచి వచ్చిన శామ్యూల్ మార్స్‌డెన్ అనే పాదిరి, ఉత్తర దీవిలో ఓయిహీ తీరాన, అక్కడి ఆదివాసులైన మావోరీల నాయకుడు రువాటారా ఆహ్వానం మీద ఆరాధన నడిపించాడు. ఆ చోటుకు కంచె కట్టించినవాడు రువాటారాయే. పాత పడవలను బోర్లించి కూర్చోవడానికి ఆసనాలు చేయించినదీ, మాటలను తన భాషలో తన జనానికి వివరించినదీ ఆయనే. ఆ రోజు తీసుకున్న వాక్యం లూకా రెండో అధ్యాయంలో దూత గొల్లలకు చెప్పిన మహా సంతోషకరమైన సువర్తమానం. చుట్టూ సముద్రం, పొడవైన పగలు, బోర్లించిన పడవలు. అక్కడ విన్నవారికి మంచు లేదన్న లోటు తెలియదు. వెలుగు పెరుగుతున్నదా తరుగుతున్నదా అన్న లెక్క లేకుండానే ఆ మాట వారికి చేరింది.

ఇప్పుడు మీకు ఉన్నదేమిటో వెతకాలన్నారు గనుక, మా దగ్గర ఉన్నదాన్ని చెబుతాను. పొహుటుకావా అనే చెట్టు డిసెంబరులో విరగబూస్తుంది. ఉత్తర దీవి పై సగంలో, సముద్రం మీదికి వంగిన రాతికొండల అంచున, వేళ్లతో బండలను పట్టుకుని పెరుగుతుంది. జామ, నేరేడు చెట్ల కుటుంబమే. జామపువ్వులో రేకుల కంటే కేసరాలే ఎక్కువగా కనిపిస్తాయి కదా, ఈ పువ్వులోనూ అంతే, కాకపోతే ఆ కేసరాలు కుంకుమ కంటే ఎర్రగా ఉంటాయి. అవి రాలినప్పుడు రోడ్డు మీద తివాచీ పరిచినట్టు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దిలో వచ్చినవారు ఈ కొమ్మలతోనే ప్రార్థనా మందిరాలను అలంకరించారు, అప్పటి నుంచి దీనికి క్రిస్మస్ చెట్టు అని పేరు. మావోరీలకు ఇది అంతకు ముందు నుంచే పవిత్రమైనది. చనిపోయినవారి ఆత్మలు ఉత్తరపు కొసన ఉన్న ఒక పొహుటుకావా వేళ్ల మీదుగా దిగి వెళతాయని వారి నమ్మకం. మీ ఆస్ట్రేలియాలోనూ న్యూ సౌత్ వేల్స్‌లో క్రిస్మస్ బుష్ ఉంది. దానికి వసంతంలో చిన్న తెల్లపూలు పూస్తాయి, అవి రాలాక పువ్వు అడుగున మిగిలిన రక్షకపత్రాలు పెరిగి డిసెంబరుకు ఎర్రబడతాయి. జనం ఇళ్లకు తెచ్చుకునేది ఆ ఎర్రదనాన్నే. దూదికి బదులు పూలమ్మే చోట దాని కొమ్మలు దొరికితే తెచ్చి పిల్లల చేత గదిలో పెట్టించండి.

ఇంకొక చిన్న మాట. చీకటి పడ్డాక తూర్పు వైపు చూపించండి. మృగశిర, ఆరుద్ర ఉన్న ఓరియన్ అనే నక్షత్ర మండలం టొరంటోలో వారు చూసినదే, కాని ఇక్కడ తలకిందులుగా ఉంటుంది. మా పిల్లలకు దానిని చూపించాక, ఆకాశం అదే, మనం నిలబడిన చోటు మారింది అని చెప్పడం తేలికైంది.

జవాబు 4: మెదక్ జిల్లా నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నీ ప్రశ్న చదివాక ఒక మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మంచు లేదని మీ పిల్లలు బాధపడుతున్నారని అన్నావు. మన భాషలో మంచు అంటే ఏమిటి? ఆకాశం నుంచి తెల్లగా రాలి నేల మీద పేరుకునేదాన్ని మనలో చాలామంది బొమ్మల్లోనే చూశాము. మన ఊళ్లలో మంచు అంటే వేకువన వరిమళ్ల మీద పొగలా పరుచుకునేది, బంతిపూల మీద బొట్లుగా నిలిచేది, ఆరాధనకు పోయేవారి తలకట్టులను తడిపేది. రెండింటికీ ఒకటే మాట. మీ అమ్మగారు "ఎండల్లో పండగేమిటే" అన్నప్పుడు ఆమె తలచుకున్నది ఈ మంచునే తప్ప టొరంటో మంచును కాదు.

తెలుగు క్రైస్తవుల క్రిస్మస్ ఎప్పుడూ విలాయతీ చలికాలం పండుగ కాదు. వరి కోతలు ముగిసి, కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి వచ్చే రోజుల పండుగ. అందుకే అరిసెలు వచ్చాయి. అందుకే చామంతులు, బంతిపూలు వచ్చాయి. వెదురు గడకు నక్షత్రం కట్టి ఇంటి కప్పు మీద నిలబెట్టడం వచ్చింది. క్రిస్మస్ చెట్టు అలంకరించే ఆచారం జర్మనీలో పుట్టి, 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లండు ఇళ్లలో విరివిగా వ్యాపించింది. మన దగ్గరకు అది ఆ తరువాత వచ్చిన అతిథి. అతిథిని ఆదరించవచ్చు, అది లేకపోతే పండుగ లేదనుకోనక్కరలేదు.

మా మెదక్ మహాదేవాలయం, అంటే కెథడ్రల్ చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని దాని నిర్మాణం నడిపించారని మా తాతల నుంచి వింటున్నాము. దాని గోపురం 175 అడుగులు. క్రిస్మస్ నాడు తెల్లవారుజామున తొలి ఆరాధనకు వచ్చే జనంలో చాలామంది ముందు రాత్రే చేరి, ఆవరణలో దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు. ఆ వేళకు చలి ఉంటుంది. మధ్యాహ్నానికి అదే ఆవరణలో చెట్ల నీడ వెతుక్కుంటారు. మన పండుగ ఒకే రోజులో చలినీ ఎండనూ రెండింటినీ చూస్తుంది. మెల్‌బోర్న్ అక్కగారు చెప్పిన వేకువ అలాంటిదేనని నాకు అనిపించింది. పల్లెలో మీ అమ్మగారు ఎలా చేసేవారో అలాగే చేయనివ్వు, పిల్లలు ఆమె వెంట తిరుగుతారు.

ప్రశ్న అడిగిన సోదరి

అందరికీ కృతజ్ఞతలు. మినియాపోలిస్ అన్నయ్యగారూ, మీరు దాచకుండా చెప్పిన మాట నాకు అన్నిటికంటే అవసరమైనది. బాబును కూర్చోబెట్టి, టొరంటోలో లాంటి క్రిస్మస్ ఈ ఏడు రాదని, దానికి వాడు దిగులుపడటం తప్పు కాదని చెప్పాను. ఏడ్చాడు. తరువాత, అక్కడి నాలుగు కొవ్వొత్తులు ఇక్కడ వెలిగించవచ్చా అని అడిగాడు. వేకువ నాలుగున్నరకు లేస్తానంటే వెలిగిద్దామన్నాను.

నక్షత్రాన్ని ఈ ఉదయం నుంచి వేకువనే వెలిగిస్తున్నాము. పాప నిద్రకళ్లతో వరండాలోకి వచ్చి, దుప్పటి చుట్టుకుని నా ఒళ్లో కూర్చుని, సూర్యుడు వచ్చే దాకా దానినే చూసింది. 25న మా పెరటిలో వేకువ ఆరాధనకు మూడు తెలుగు కుటుంబాలు, పక్కింటి ఫిలిప్పీన్స్ దంపతులు వస్తామన్నారు. దూది కొనలేదు.

అమ్మకు ఫోను చేసి, వేకువన ఇక్కడ కూడా చల్లగా ఉంటుందని, శాలువా తెచ్చుకోమని చెప్పాను. ఆమె వెంటనే, అరిసెలకు బియ్యం అక్కడ నానబెట్టుకోవచ్చా, పిండి పట్టించడానికి మర దొరుకుతుందా అని అడిగింది. మెల్‌బోర్న్ అక్కా, తడిపిండి మీరు ఎక్కడ పట్టిస్తారో చెప్పగలరా?